బెజవాడ డాబా మీద నేరేడు రంగు బంగాళాదుంప పండించడం ఎలా

బంగాళాదుంప మొక్క గుంటూరులో దాదాపు ఏ నెలలో నాటినా మొలుస్తుంది. వంటింట్లో మొలకెత్తిన దుంపను జూన్‌లో కుండీలో పాతినా గుబురుగా ఎదుగుతుంది. మూడు నెలలు నీళ్లు పోసి, ఆశగా తవ్వితే వేళ్లు, గోలీకాయంత దుంపలు రెండు కనిపిస్తాయి. తప్పు మట్టిది కాదు, ఎరువుది కాదు. రాత్రి వేడిది.

పగలు ఆకులో తయారైన పిండిపదార్థం రాత్రి చల్లగా ఉంటేనే కిందికి దిగి దుంపగా మారుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే దుంప బాగా పడుతుంది. 22 దాటిందంటే మొక్క ఆకులు, కొమ్మలు వేసుకుంటూ పోతుందే తప్ప దుంప మాట ఎత్తదు. విజయవాడ, గుంటూరుల్లో రాత్రి 20 కంటే కిందికి నమ్మకంగా దిగేది డిసెంబరు, జనవరిలోనే. అంటే ఇంచుమించు ధనుర్మాసం, దానికి అటూ ఇటూ కొన్ని రోజులు. ఊదా రకమైనా, మామూలు తెల్ల రకమైనా ఈ పంటలో అసలు పని ఒకటే: దుంప పట్టే రోజులు ఈ చలిలో పడేలా వెనక్కి లెక్కేసుకుని నాటడం. మిగతావన్నీ దాని తర్వాతే.

లెక్క ఇలా వేసుకోండి. మొలకలు తెప్పించిన విత్తన దుంప నాటితే 10–15 రోజుల్లో మొక్క పైకి వస్తుంది, 30–35 రోజులకు దుంప పట్టడం మొదలవుతుంది. అది డిసెంబరు రెండో వారం తర్వాత జరగాలంటే నవంబరు 10–25 మధ్య నాటాలి. ఆత్రపడి అక్టోబరులో నాటితే వేడి మట్టిలో, వాన తడిలో విత్తనమే కుళ్లిపోవచ్చు. డిసెంబరు మధ్యలో నాటితే దుంప ఊరే వేళకు ఫిబ్రవరి ఎండ ముంచుకొస్తుంది. తేదీ మీద అనుమానముంటే తెల్లవారుజామున ఆరింటికి మట్టిలో నాలుగంగుళాల లోతున థర్మామీటరు గుచ్చి చూడండి. 24 పైన ఉంటే ఇంకో నాలుగు రోజులు ఆగండి.

ఏ రకం కొనాలి

ఇక్కడ చాలామంది మోసపోయామనుకుంటారు. నిజానికి ఎవరూ మోసం చేయలేదు. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఇచ్చిన రకాలన్నిటి పేర్ల ముందు 'కుఫ్రీ' ఉంటుంది. అది సిమ్లా పక్కనున్న ఊరి పేరు. వాటిలో కుఫ్రీ నీలకంఠ్ పైతొక్క ముదురు ఊదా, లోపల మాత్రం లేత పసుపు. కోసి చూసి 'లోపల రంగు లేదేంటి' అనుకోవద్దు, ఆ రకమే అంత. లోపలా పైనా నేరేడుపండు రంగు కావాలంటే 2024లో విడుదలైన కుఫ్రీ జమునియా అడగాలి. జామున్ అంటే నేరేడే కదా, పేరులోనే రంగుంది. 'ఆల్ బ్లూ', 'అడిరోండాక్ బ్లూ' లాంటి అమెరికా రకాల పేర్లు కూడా వినిపిస్తాయి. పేరు నీలమైనా రంగు ఊదాయే. వాటి విత్తనం మన దగ్గర నమ్మకంగా దొరకదు, వాటి కోసం డబ్బు తగలేయకండి.

మొదటిసారి వేస్తున్నవాళ్లకు ఒక సలహా. ఓ రెండు సంచుల్లో కుఫ్రీ సూర్య వేయండి. తెల్ల రకమే, కానీ వేడిని తట్టుకోవడానికే తయారుచేసింది. అది కాసి ఊదా రకం కాయకపోతే మీ పద్ధతి బాగుంది, వాతావరణం ఊదాకు చాల్లేదని అర్థం. రెండూ కాయకపోతే మీ పనిలోనే ఏదో తేడా ఉంది.

విత్తనం ఉత్తరాది నుంచి కొరియర్లో రావాల్సిందే. అక్టోబరు మొదట్లోనే చెప్పి పెట్టుకోండి. కోడిగుడ్డు కంటే కాస్త చిన్నవి, ఒక్కోటి 40–50 గ్రాముల దుంపలు అడగండి. పది సంచులకు ఇరవై దుంపలు, అంటే కిలో చాలు. ప్లాస్టిక్ కవర్లో బిగించి పంపితే దారిలో వేడికి గాలాడక దుంప నడిమధ్య నల్లబడి చస్తుంది. జాలీ సంచిలో పంపమనండి. పార్సిల్ రాగానే ఒకటి అడ్డంగా కోసి చూడండి. జమునియాలో నలుపు రంగులో కలిసిపోతుంది కాబట్టి కంటితో కాదు, వేలితో చూడాలి: మధ్యలో మెత్తగా, బోలుగా తగిలితే ఆ లాటు పనికిరాదు.

సూపర్ మార్కెట్లో కూరకు కొన్న ఊదా దుంపను నాటొచ్చా? నాటొచ్చు, మొలిస్తే. నిల్వ కోసం మొలక రాకుండా మందు కొట్టినవి మూడు వారాలైనా అలాగే ఉంటాయి. మొలక వచ్చినా దారంలా సన్నగా, పొడుగ్గా వస్తే పారేయండి. అది తెగులున్న దుంప లక్షణం కావచ్చు.

మొలక తెప్పించడం

శీతల గిడ్డంగి నుంచి వచ్చిన దుంపను వచ్చిన రోజే నాటొద్దు. చల్లటి దుంపకు చెమ్మ పట్టి, నాటిన వారానికే కుళ్లుతుంది. కోడిగుడ్ల అట్ట ట్రేలో కళ్లు ఎక్కువగా ఉన్న వైపు పైకి పెట్టి, నేరుగా ఎండ పడని, వెలుతురుండే వరండాలో 12–15 రోజులు ఉంచండి. చీకట్లో పెడితే మొలకలు తెల్లగా, పొడుగ్గా సాగి ముట్టుకుంటే విరుగుతాయి. వెలుతుర్లో అయితే సెంటీమీటరు పొడవున, పొట్టిగా, బలంగా, ముదురు ఊదా రంగులో వస్తాయి. అలాంటి మొలకలు రెండు మూడు ఉంటే చాలు.

దుంపను ముక్కలుగా కోసి నాటడం చల్లటి ప్రాంతాల పద్ధతి. మన నేల వేడికి కోసిన చోట కుళ్లు ముందు మొదలవుతుంది. దుంప పెద్దదైనా సరే, కోయకుండానే నాటండి.

సంచి, మట్టి

పెరట్లో నల్లరేగడి ఉంటే దాన్ని ఈ పంటకు వదిలేయండి. తడిస్తే బంక, ఆరితే బీట. దుంప ఉబ్బడానికి చోటివ్వదు, తవ్వేటప్పుడు ఊదా దుంపకూ మట్టిబెడ్డకూ తేడా తెలియదు. పైగా పెరడంటే పందికొక్కులకు విందే. ఎర్రనేల ఉన్నవాళ్లు అడుగు ఎత్తున మడులు కట్టి వేసుకోవచ్చు. మిగతావాళ్లకు డాబాయే మేలు. పైకప్పు తెరిపి వల్ల రాత్రి త్వరగా చల్లబడుతుంది. రెండు మేడల మధ్య సందులో ఆ చలి దిగదు.

15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు గ్రోబ్యాగ్‌కు రెండు దుంపలు, 12 అంగుళాలదానికి ఒకటి. నల్ల సంచి వద్దు, డిసెంబరు మధ్యాహ్నమూ లోపల కాగుతుంది. తెల్లదో, లేతాకుపచ్చదో తీసుకోండి, లేదా చుట్టూ తడి గోతం కట్టండి. సంచిని నేరుగా స్లాబు మీద పెట్టకుండా నాలుగు ఇటుకల మీద పెట్టండి. నీళ్లు కారిపోతాయి, స్లాబు వేడి తగలదు. అడుగున రంధ్రాలు ఆరుకు తగ్గకూడదు.

మట్టి మిశ్రమం: ఎర్రమట్టి నాలుగు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ మూడు, కొబ్బరి పొట్టు రెండు, ఇసుక ఒకటి. పొట్టు ఇటుకను నానబెట్టి, నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టి పిండాకే కలపండి, లేకపోతే ఉప్పు మిగిలిపోతుంది. 15 అంగుళాల సంచికి వంద గ్రాముల వేపపిండి, 15 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలపండి. పచ్చి పేడ అసలు వద్దు.

బూడిద కూడా వద్దు. దుంపజాతికి బూడిద మంచిదని పెద్దలు చెప్తారు, పొటాష్ ఉంటుంది కాబట్టి అందులో నిజం లేకపోలేదు. కానీ మన మట్టీ, బోరు నీళ్లూ ముందే క్షారం వైపు ఉంటాయి. బూడిద పడితే అది ఇంకా పెరిగి, తొక్క మీద గజ్జిలా గరుకు మచ్చలు లేస్తాయి. సున్నం మాట సరేసరి.

గత ఏడాది టమాటా, వంకాయ, మిరప వేసిన మట్టి ఇందులోకి తేవద్దు. అన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లూ ఒకటే. గుంటూరు డాబాల మీద మిరప లేని కుండీ అరుదు కాబట్టి ఈ మాట నొక్కి చెప్పాల్సి వస్తోంది.

నాటడం, మట్టి ఎగదోయడం

సంచి అంచును బయటికి మడిచి, ఎనిమిదంగుళాల ఎత్తు వరకే మిశ్రమం నింపండి. విత్తన దుంపలను మొలకలు పైకి ఉండేలా ఎనిమిదంగుళాల ఎడంలో పెట్టి, పైన మూడంగుళాల మట్టి కప్పండి. దాని మీద రెండంగుళాల మందాన వరిగడ్డి పరవండి. కోతలయ్యే రోజులు కాబట్టి ఎండుగడ్డి మోపు దొరకడం కష్టం కాదు. మట్టిని చల్లగా ఉంచడంలో మీ చేతిలో ఉన్న సాధనం ఈ గడ్డే. నాటిన రోజు ఒకసారి బాగా తడిపి, మొలక పైకి వచ్చేదాకా పైన పొడిబారినప్పుడే చిలకరించండి. ఈ రోజుల్లో కుళ్లిన విత్తనాల్లో ఎక్కువ భాగం నీళ్లు ఎక్కువై కుళ్లినవే.

మొక్క ఆరేడు అంగుళాలు ఎదిగాక పై ఆకులు మాత్రం కనపడేలా మిగతా కాండం చుట్టూ మట్టి ఎగదోయండి. ఇంకో పదిహేను రోజులకు రెండోసారి చేసి సంచి నింపేయండి. కాండం అడుగు నుంచి తెల్లటి దారాల్లాంటివి పక్కలకు సాగి, వాటి కొసన ఉబ్బి దుంపవుతుంది. కొస చీకట్లో ఉంటే దుంప, వెలుతురు తగిలితే ఆకు. మట్టి ఎగదోసేది అందుకే. నాలుగడుగుల గోపురం కట్టి మట్టి పోస్తూ పోతే అంతస్తుకో గుత్తి కాస్తుందని చూపించే వీడియోలు ఉన్నాయి. చాలా రకాల్లో దుంపలు విత్తనం చుట్టూ ఉన్న జానెడు మేరలోనే పడతాయి. ఆ గోపురంలో పోసే మట్టితో ఇంకో మూడు సంచులు వేసుకోవచ్చు.

మొదటిసారి మట్టి ఎగదోసేటప్పుడు సంచికి ఒక చెంచా యూరియా, అంటే 4–5 గ్రాములు, అంచు వెంబడి వేసి నీళ్లు పోయండి. రసాయనం వద్దనుకుంటే 40వ రోజు వరకు పది రోజులకోసారి జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం, పిండి కలిపి పులియబెట్టిన ద్రావణం) పోయండి. ఆ తర్వాత నత్రజని ఏ రూపంలోనూ ఇవ్వద్దు. ఆకు చూసి మురిసి ఇంకాస్త వేస్తే దుంప తగ్గుతుంది. 40వ రోజున పది గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఇవ్వండి.

నీళ్లు

దుంప పట్టాక, అంటే 35వ రోజు నుంచి 75వ రోజు వరకు, తడి ఒకే తీరుగా ఉండాలి. వేలు రెండు కణుపుల లోతు దించితే చల్లగా తగలాలి, వేలికి బురద అంటకూడదు. సాధారణంగా రోజు విడిచి రోజు ఉదయం పూట సంచికి రెండు మూడు లీటర్లు సరిపోతాయి. నాలుగు రోజులు ఎండగట్టి ఒక్కసారిగా ముంచితే దుంప పగులుతుంది, లేదా ఒక దుంప మీద ఇంకో దుంప బొడిపెలా వేస్తుంది. సంక్రాంతికి తాళాలేసి ఊరెళ్లేవాళ్లు పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లండి. సరిగ్గా దుంప ఊరే రోజులవి.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్న చోట సంచి అంచున తెల్లటి పొర కడుతుంది. అది కనిపిస్తే కృష్ణా నీళ్లు వచ్చిన రోజు సంచి అడుగు నుంచి ధారగా కారేదాకా ఒకసారి పోసి కడిగేయండి. ఆర్వో మిషను నుంచి బయటికొచ్చే నీళ్లను వృథా ఎందుకని ఈ మొక్కకు పోయకండి. ఉప్పంతా అందులోనే ఉంటుంది.

నవంబరు, డిసెంబరు మొదటి వారం తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అల్పపీడనం అని వినగానే సంచులను మెట్ల గది గోడ వారకు జరిపి, పైన పట్టా వాలుగా కట్టండి. సంచి నోటికి మూటలా బిగించొద్దు, గాలాడాలి.

ఏం చెడుతుంది, ఎలా గుర్తుపట్టాలి

ముందు ఒక అనవసర భయం తీసేద్దాం. ఊదా రకాల కాండం, ఆకు ఈనెలు ఊదా చాయలో ఉండొచ్చు. అది భాస్వరం లోపం కాదు, రకం రంగు. మందు వెతకొద్దు.

పై ఆకులు చిన్నవై, ముడుచుకుని, పైకి కప్పులా లేస్తే తెల్లదోమ తెచ్చిన ముడత వైరస్ కావచ్చు. ఆ మొక్కను వేళ్లతో సహా పీకి కవర్లో కట్టి పారేయండి. దానికి మందు లేదు. ఆకు అడుగున వెండిలా గీకినట్టుంటే తామరపురుగు, పక్కన మిరప కుండీలుంటే అక్కడి నుంచే వస్తుంది. పేనుబంక లేత కొసల్లో గుంపుగా ఉంటుంది. మూడింటికీ మొలిచిన వారం నుంచే పసుపు, నీలం జిగురు అట్టలు కట్టి, వారానికోసారి సాయంత్రం పూట లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లతో కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి. పైన కొడితే లాభం లేదు.

కింది ఆకుల మీద వలయాలు వలయాలుగా గోధుమ మచ్చలొస్తే ఆకుమచ్చ తెగులు. ఆ ఆకులు తుంచేసి, ఆగకపోతే లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ పిచికారీ చేయండి.

నిజంగా భయపడాల్సింది బాక్టీరియా ఎండు తెగులు. మట్టిలో తడి ఉంటుంది, ఆకు పచ్చగానే ఉంటుంది, మొక్క మాత్రం మధ్యాహ్నానికి తలవేలాడేసి మూడో రోజుకు లేవదు. నీళ్లు చాల్లేదేమోనని ఇంకా పోస్తారు. ఆగి ఒక పరీక్ష చేయండి. మొదలు దగ్గర కాండం రెండంగుళాల ముక్క కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన కొస నీటిలో మునిగేలా దారంతో వేలాడదీయండి. గ్లాసు కదపకుండా అయిదు నిమిషాలు చూడండి. కొస నుంచి పాలచుక్క లాంటి తెల్లటి తీగ సన్నగా కిందికి జారితే ఆ తెగులే. మొక్కతో పాటు ఆ సంచి మట్టీ పారేయాలి, కత్తిని కాల్చాలి. నీళ్లు తేటగా ఉంటే వేరుకుళ్లో, నీటి ఎద్దడో అయ్యుంటుంది.

పూత వస్తే ఉంచినా తుంచినా పెద్ద తేడా లేదు. ఎప్పుడైనా పిల్ల టమాటాల్లాంటి కాయలు పడితే పిల్లలకు అందకుండా తుంచేయండి, అవి విషం.

తవ్వడం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈ పంట కూడా దానితో పాటే వెళ్లాలి. 85–95 రోజులకు కింది ఆకులు పసుపు తిరుగుతాయి. అప్పుడు నీళ్లు ఆపి, మొక్కను మొదలంటా కోసేసి, పది రోజులు మట్టిలోనే వదిలేయండి. తొక్క ముదిరేది ఈ పది రోజుల్లోనే. ఒక దుంప తీసి బొటనవేలితో గట్టిగా రుద్దండి. తొక్క ఊడొస్తే ఇంకో నాలుగు రోజులు ఆగాలి. మొక్క ఇంకా పచ్చగా ఉందని మార్చి దాకా పెంచితే దుంప పెరగదు, వేడికి మట్టిలోనే మొలకెత్తుతుంది.

పట్టా పరిచి సంచి మొత్తం దాని మీద బోర్లించండి. ఊదా దుంప మట్టిలో ఇట్టే దాక్కుంటుంది, ప్రతి బెడ్డనూ చిదిమి చూడండి. రెండు దుంపలు వేసిన సంచి నుంచి 600 గ్రాములు వస్తే మన ఊరికి మంచి పంటే, కిలో వస్తే అదృష్టం. ఇరవై కిలోల కబుర్లు నమ్మకండి.

ఇక్కడే ఊదా రకానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. వెలుతురు తగిలిన దుంపలో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. తెల్ల దుంప అయితే పచ్చబడి హెచ్చరిస్తుంది. ఊదా తొక్క ఆ పచ్చదనాన్ని దాచేస్తుంది. నీలకంఠ్ అయితే గోటితో తొక్క గీకితే అడుగున పచ్చదనం తెలుస్తుంది. జమునియాలో అదీ కనిపించదు. కాబట్టి సంచి బోర్లించకముందే మట్టిపైకి తేలిన దుంపలను ఏరి పక్కన పెట్టేయండి. అవి కూరకు వద్దు, విత్తనానికి ఉంచుకోవచ్చు. వండాక చేదనిపించినా, గొంతు మండినా తినొద్దు.

కడగకుండా, గాలాడే చీకటి గదిలో గోతం మీద పలచగా పదిరోజులు ఆరబెట్టండి. వంటకు దాచినవి ఏప్రిల్ లోపు తినేయాలి.

వంటలో రంగు నిలవాలంటే తొక్కతోనే ఆవిరి మీద ఉడికించండి, నీళ్లలో ఉడికిస్తే రంగు సగం నీళ్లలోకే పోతుంది. చింతపండు, నిమ్మరసం తగిలితే ఎరుపు వైపు, వంటసోడా తగిలితే నీలి, ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. పసుపు వేస్తే బురద రంగు. వేపుడుకు ఉప్పు, కారం, వెల్లుల్లి చాలు.

వచ్చే ఏటికి విత్తనం కావాలంటే తెగులు లేని మొక్కల నుంచి కోడిగుడ్డంత దుంపలు ఏరి, గుడ్డసంచిలో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. మన మే నెలను గదిలో దాటించడం అయ్యే పని కాదు. అక్టోబరు చివర తీసి మళ్లీ గుడ్ల ట్రేలో పేర్చుకోండి. ఇలా రెండేళ్లు చాలు, ఆ తర్వాత వైరస్ పేరుకుపోతుంది, కొత్త విత్తనం కొనాలి.

ఖాళీ అయిన మట్టిలో ఈ వేసవికి టమాటా, వంగ వేయకండి. తోటకూరో, గోంగూరో చల్లుకోండి. ఊదా రంగు మీదే మనసున్నవాళ్లకు తిరువనంతపురం దుంపపంటల పరిశోధన సంస్థ ఇచ్చిన భూకృష్ణ అనే చిలగడదుంప ఉంది. లోపలంతా ఊదా, తీగముక్క గుచ్చితే చాలు, రాత్రి చలి కోసం ఎదురుచూడదు. పడమటి ఎండ నేరుగా పడని చోట, 18 అంగుళాల సంచికి రెండు తీగలు వేసుకోండి.